ఒక్క స్లాబ్ మీద నాలుగు యాంటెన్నాలు: ఏడు నెలల నా తిప్పలు

నాకు హామ్ రేడియో షోకు, అంటే లైసెన్స్ తీసుకొని ఇంటి నుంచే రేడియోల వేరే ఊళ్లోళ్లతోని మాట్లాడుడు. 2024 నవంబర్ 3, దీపావళి అయినంక వచ్చిన ఆదివారం. పొద్దున పదింటికి మా హనుమకొండ ఇంటి స్లాబ్ మీద 20 అడుగుల జీఐ పైపు లేపినం. నేను, వెల్డింగ్ షాపు పిలగాడు, కింద నుంచి తాడు పట్టుకోనీకి మా బామ్మర్ది. మా ఇంటామె ముందే ఒక్కటే షరతు పెట్టింది, స్లాబ్‌కు ఒక్క బొక్క కూడా కొట్టొద్దు, వానకాలం ఉరిస్తే నేను ఊకోను అని. అందుకని 20 లీటర్ల పెయింట్ డబ్బాల కాంక్రీట్ పోసి దాంట్ల పైపు మొదలు నిలబెట్టి, మెట్ల రూము గోడకు రెండు క్లాంపులు, మూడు దిక్కుల నైలాన్ తాళ్లు. పైపు, క్లాంపులు, వెల్డింగ్ కలిపి 4,300 అయింది.

మా బాపు కుర్చీ ఏసుకొని కూసోని చూస్తుండు. ఆయన మర్ఫీ రేడియో కోసం పోస్టాఫీసుల లైసెన్స్ కట్టిన మనిషి, అప్పట్ల గోడకు రాగి జాలీ ఏరియల్ కట్టేటోళ్లట. "మాకు ఒక్క జాలీతోని దేశమంత వినొచ్చే, నీకు నాలుగెందుకురా" అన్నడు. ఎందుకో చెప్పిన గని ఆయనకు నచ్చలే.

నాలుగు ఏందంటే, ఒకటి 40 మీటర్ల బ్యాండ్‌కు (అంటే 7 మెగాహెర్ట్జ్) ఇన్వర్టెడ్ వీ, అంటే నడుమ ఎత్తుకు కట్టి కొసలు కిందికి వంచిన డైపోల్, రెండోది 20 మీటర్లకు (14 మెగాహెర్ట్జ్) డైపోల్, డైపోల్ అంటే నడుమ కేబుల్ కలిపిన రెండు కాళ్ల తీగ, మూడోది 145, 435 మెగాహెర్ట్జ్‌కు నిలువు యాంటెన్నా, అది రెడీమేడ్ కొన్న, 4,500. నాలుగోది నాది కాదు, మా బిడ్డది. అప్పుడు ఇంటర్ ఫస్టియర్. దానికి మాట్లాడుడు మీద షోకు లేదు, వాతావరణ ఉపగ్రహాల నుంచి బొమ్మలు పట్టుకుంటది. అమెరికోళ్ల నోవా-15 పొద్దున ఏడు ప్రాంతంల, మళ్ల మాపటికి ఏడు ప్రాంతంల మన మీదికెళ్లి పోయేది, 137.62 మెగాహెర్ట్జ్ మీద బొమ్మ పంపుకుంట. ల్యాప్‌టాప్‌కు రేడియో సిగ్నల్ పట్టే చిన్న యూఎస్‌బీ డాంగిల్, పైన వీ ఆకారంల రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక్కోటి 53 సెంటీమీటర్లు, మధ్యల 120 డిగ్రీలు. గంతే దాని సామాను.

నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఆ రోజే చేసిన, తెల్వక చేసిన. నాలుగింటినీ ఒక్క పైపుకే కట్టిన. కొసకు నిలువుది, దాని కింద 40 మీటర్లది, ఇంకో అడుగున్నర కింద 20 మీటర్లది, రెండు తీగలు ఒకే దిక్కుకు, ఇంటి పొడుగున పక్క పక్కన. మధ్యల ఒక పీవీసీ ముక్కకు బిడ్డ వీ. చూడనీకి మస్తుండె. ఫొటో తీసి నలుగురికి పంపిన కూడా.

తీగ సంగతి ఒకటి చెప్పాలె. రాగి తీగ కోసం హైదరాబాద్ పోవద్దనుకొని వరంగల్ల ఒక మోటర్ వైండింగ్ షాపుకు పోయిన, సబ్‌మెర్సిబుల్ మోటర్లకు చుట్టే తీగ ఉంటది గదా, పైన పాలీ పూత ఉన్నది, అది కిలోల లెక్క అమ్ముతరు, 1,150కి రెండు డైపోళ్లకు సరిపోయింది, ఎండకు వానకు ఏం కాదు, ఇప్పటికీ మంచిగ ఉంది. లెక్క ప్రకారం 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తయి, 7.1కి 20.14 మీటర్లు. గంతే కోసిన. మీటర్ పెట్టి చూస్తే 6.8 కాడ కూసున్నది. పూత ఉన్న తీగకు పొడుగు తక్కువ కావాలె, పైగా కొసలు కిందికి వంచితే ఇంకా కిందికి పోతది, ఆ సంగతి నేను మర్చిన. ఒక్కో దిక్కు 42 సెంటీమీటర్లు కోసినంక దారికొచ్చింది. మీరు కోస్తే ముందుగాల పొడుగే ఉంచుకోండ్రి, కోసింది మళ్ల అతకదు.

వారం రోజులు సంబురమే. పొద్దున 40 మీటర్లల కరీంనగర్ పెద్దాయనతో, ఖమ్మం, నాందేడ్ వాళ్లతోని మాటలు. నవంబర్ 10 పొద్దున 7:10కి నేను మైక్ పట్టుకొని మాట్లాడుతున్న, లోపలి రూముల నుంచి "డాడీ! ఆపు!" అని ఒక్క కేక. పోయి చూస్తే స్క్రీన్ మీద మబ్బులు, బంగాళాఖాతం, శ్రీలంక కొస వస్తున్న కాడ అడ్డంగ నల్లటి పట్టీలు. నేను మాట్లాడినంత సేపు పట్టీ, ఆపితే బొమ్మ. నేను మాట మాటకు ఎంత సేపు ఆగిననో కూడా లెక్క పెట్టొచ్చు ఆ బొమ్మ చూసి. నిలువు యాంటెన్నాల 145 మీద కాజీపేట దోస్తుతో మాట్లాడితే ఇంకా ఘోరం, మొత్తం స్క్రీన్ చీకటి.

సరే ఫిల్టర్ లేక గిట్ల అయితుంది అనుకున్న. 137కి పనికొచ్చే ఫిల్టర్ ఒకటి ఆన్‌లైన్ల ఆర్డర్ పెట్టిన, 2,900, పదకొండు రోజులకు వచ్చింది. పెట్టినం. ఊళ్లె ఎఫ్‌ఎమ్ స్టేషన్ల గలగల పోయింది, అది నిజం. నా 40 మీటర్ల పట్టీలు మాత్రం అట్లనే ఉన్నయి. అర్థం కాలే. 7 మెగాహెర్ట్జ్ ఎక్కడ, 137 ఎక్కడ? దూరం చాలక అనుకొని వీ యాంటెన్నాను పైపు నుంచి ఊడదీసి స్లాబ్ ఆ మూలకు పెట్టినం, 12 మీటర్లు దూరం వచ్చింది, దానికి కేబుల్ ఇంకో 20 మీటర్లు కొనాల్సొచ్చింది. జరంత తగ్గింది. జరంతే.

బిడ్డకు నా మీద కోపం, నాకు ఆ డాంగిల్ మీద కోపం. అప్పటికి నవంబర్ ఐపోవొచ్చింది. ఒకనాడు కరీంనగర్ పెద్దాయనకు గోడు చెప్పుకున్న. ఆయన అంతా విని ఒక్కటే అడిగిండు, "యాంటెన్నా ఊడదీసి చూసినవా?" ఎందుకు సార్, ఊడదీస్తే ఏం వస్తది అన్న. "ఊడదీసి, కేబుల్ కొసకు 50 ఓమ్స్ రెసిస్టర్ కట్టి, అప్పుడు నువ్వు మైక్ పట్టు. ఏమొస్తదో చూడు" అన్నడు.

డిసెంబర్ 1, ఆదివారం చేసినం. పైన బిడ్డ యాంటెన్నా ఊడదీసి రెసిస్టర్ పెట్టి టేప్ చుట్టింది, కింద నేను మైక్ నొక్కిన. యాంటెన్నా లేదు, ఐనా నా గొంతు సప్పుడు వాటర్‌ఫాల్ మీద, అంటే స్క్రీన్ల సిగ్నళ్లు గీతలై పారే కాడ, కొట్టొచ్చినట్టు కనవడుతుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నం. ఇన్ని రోజులు మేము జరిపింది యాంటెన్నాను. వస్తున్నది కేబుల్ మీదికెళ్లి, లోపల నుంచి కాదు, పైన అల్లిక ఉంటది గదా దాని మీదికెళ్లి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ తీగ మీదికెళ్లి. పైన స్లాబ్ నుంచి కింద రూము దాక వేలాడే 20 మీటర్ల తీగ, అదే యాంటెన్నా అయి కూసున్నది.

ఇంకా సిగ్గు సంగతేందంటే నా 40 మీటర్ల డైపోల్‌కు బాలన్ గని చోక్ గని, అంటే కేబుల్ అల్లిక పైన కరెంట్ పారకుండ ఆపేవి, ఏం పెట్టలే. కేబుల్ లోపలి తీగ ఒక కాలుకు, అల్లిక ఇంకో కాలుకు సోల్డర్ కొట్టి టేప్ చుట్టిన, గంతే. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత వాపస్ వస్తుందో చూపే లెక్క, 1కి దగ్గరుంటే మంచిది) 1.3 వస్తుంది గదా ఇంకేం కావాలె అనుకున్న. ఎస్‌డబ్ల్యూఆర్ మంచిగ ఉండుడు వేరే, కేబుల్ పైన కరెంట్ పారకుండ ఉండుడు వేరే. నా కేబుల్ ఇంట్లకు దిగుకుంట దారి పొడుగున రేడియో పంచుకుంట వస్తుంది.

చోక్ చేయనీకి ఫెర్రైట్ రింగులు తెప్పిచ్చిన, 31 నంబర్ మెటీరియల్, పెద్దవి, రెండు కలిపి 2,600. పదహారు రోజులు పట్టింది, ముందు ఒకటి పగిలి వచ్చింది, వాపస్ ఇచ్చి మళ్ల తెప్పిచ్చుకునేసరికి గంత లేటు. ఒక్కో రింగుకు ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ 11 చుట్లు చుట్టి డైపోల్ నడుమ కాడ, కరెంటోళ్ల ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్‌ల పెట్టి మూత బిగిచ్చిన. బిడ్డ దిక్కు యూఎస్‌బీ తీగకు, కేబుల్ కొసకు క్లిప్పు ఫెర్రైట్లు అర డజను, 900. క్రిస్మస్ సెలవుల చూసినం. 40 మీటర్ల మీద నేను 50 వాట్లతో మాట్లాడుతుంటే బొమ్మ మీద పట్టీ లేదు! సన్నగ గీతలు అక్కడోటి ఇక్కడోటి. బిడ్డ నా దిక్కు చూసి ఏం అనలే, ఫొటో తీసి వాళ్ల ఫ్రెండ్స్‌కు పంపింది, నాకు గదే చాలు.

చోక్ పెట్టినంక ఇంకోటి అనుకోనిది జరిగింది, నా రేడియోల సప్పుడు కూడా తగ్గింది. అంతకుముందు రేడియో మీటర్ (ఎస్ అంటే సిగ్నల్ బలం) ఎస్7 మీద గరగర ఉండేది, ఊళ్లె గింతే ఉంటది అనుకునేటోన్ని. ఇప్పుడు ఎస్5కు దిగింది. అంటే ఇంట్ల కరెంట్ సామాన్ల చెత్త కూడా అదే అల్లిక మీదికెళ్లి రేడియోలకు ఎక్కుతుందన్నట్టు. దాంతోని ఆశ పుట్టి ఒక రాత్రి రేడియోను బ్యాటరీ మీద పెట్టుకొని ఇంటి మెయిన్ బంద్ చేసిన, ఎస్2. మళ్ల ఒక్కో ఎంసీబీ లేపుకుంట పోయిన. హాల్‌ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి, వైఫై రౌటర్ అడాప్టర్ ఒకటి దొరికినయి, మార్చిన. ఇన్వర్టర్ మాత్రం కరెంట్ పోయినప్పుడు మొత్తం బ్యాండ్‌ను మింగుతది, దానికి మందు దొరకలే, కరెంట్ పోతే నేను మూసుకొని కూసుంట.

ఇగ 40, 20 లొల్లి. నాకు పొద్దున 40 మీద మాటలు నడుస్తుంటే ఇంకో రేడియోల 20 మీటర్ల ఎఫ్‌టీ8, అంటే కంప్యూటర్‌తోని చిన్న చిన్న సందేశాలు పంపే పద్ధతి, 14.074 మీద, ఊకె వినుకుంట పెట్టాలని కోరిక. ఇదే అసలు నాలుగు యాంటెన్నాలకు మూలం. గని నేను 40 మీద మైక్ నొక్కంగనే 20 రేడియో చెవిటిదైతది. ఏ రేడియో పంపినా దాని రెట్టింపు, మూడింతల మీద కూడా జరంత సప్పుడు పోతది, మన బ్యాండ్లే గట్లుంటయి, 7.05కు రెట్టింపు 14.1, మూడింతలు 21.15, నాలుగింతలు 28.2. ఒక బ్యాండ్ పిల్లలన్నీ పక్క బ్యాండ్ల ఇండ్లల్లనే దిగుతయి. అది ఒకటైతే, రెండోది వట్టిగనే బలం ఎక్కువై చెవులు మూసుకుపోవుడు.

డిసెంబర్ 15న నానోవీఎన్‌ఏ, అంటే యాంటెన్నాలు కొలిచే చిన్న మీటర్, పట్టుకొని కూసున్న, 5,800 పెట్టి కొన్నది. ఎస్‌డబ్ల్యూఆర్ చూసుడే గాక దాంతోని ఇంకో పని అయితది, ఒక పోర్టుకు 40 కేబుల్, రెండో పోర్టుకు 20 కేబుల్ పెడితే ఒకదాంట్ల నుంచి ఇంకోదాంట్లకు ఎంత కారుతుందో చెప్తది. 7.1 కాడ మైనస్ 20 డీబీ. అంటే నూరుల ఒకటో వంతు. 50 వాట్లు పంపితే పక్క రేడియో మెడకాయకు అర వాటు! ఎస్9 సిగ్నల్ అంటే 50 మైక్రోవోల్టులు, అర వాటు దానికి వెయ్యి కోట్ల రెట్లు. చెవిటిది కాకపోతే ఏమైతది, కాలిపోనందుకు దండం పెట్టిన.

పెట్టిన గని బుద్ధి రాలే. అదే రోజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, 20 కేబుల్ ఇంకా నానోవీఎన్‌ఏకే ఉంది అన్న సంగతి మర్చి, 40 మీద ఎవరో పిలుస్తున్నరు గదా అని జవాబిచ్చిన. పది సెకండ్లు. ఆ రెండో పోర్టు గంతే, మళ్ల లేవలే. అర వాటు అని పొద్దుగాల కాగితం మీద రాసుకున్నది నేనే. కొత్తది 6,200, ధర పెరిగింది కూడా. ఇంట్ల చెప్పలే, ఇది చదివితే తెలుస్తది.

కొత్తది వచ్చినంక లెక్క మార్చిన. రెండు తీగలు ఒకే దిక్కుకు ఉండుడే దరిద్రం. స్లాబ్ మూల నుంచి మూలకు 54 అడుగులు వస్తది, 40 మీటర్లది ఒక మూల నుంచి ఎదురు మూలకు, ఒక కొస పిట్టగోడ దాటి పెరట్ల యాప చెట్టుకు పోతది. 20 మీటర్లది ఇంకో రెండు మూలల మధ్య. రెండింటి నడుములు ఒకదాని కింద ఒకటి, పై నుంచి చూస్తే గాలిపటం పుల్లల లెక్క. ముందు రోడ్డు దిక్కు 11 కేవీ లైన్ ఉంది కాబట్టి ఆ మూలకు 20 తీగ కొస పిట్టగోడ లోపల్నే ఆపిన, తెగినా ఊగినా లైన్ దాక చేరకుండ కొలిచి మరీ. ఈ ఒక్క విషయంల మాత్రం నేను తమాషా చెయ్యలే, పొరపాటున తీగ అక్కడ తగిలితే చెప్పుకోనీకి ఎవరం ఉండం.

చెట్టుకు కట్టేటప్పుడు గట్టిగ బిగియ్యొద్దు. గాలికి చెట్టు ఊగుతది, తీగ తెగుతది. చిన్న గిలక ఏసి తాడు కొసకు ఇసుక బకెట్ వేలాడదీసిన, చెట్టు ఊగితే బకెట్ కిందికి మీదికి ఆడుతది, తీగ బిగువు అట్లనే ఉంటది. గిలకలు, తాళ్లు 850.

నిలువు యాంటెన్నాను పెద్ద పైపు మీద నుంచి తీసేసి నీళ్ల ట్యాంకు పక్కకు వేరే పైపు, 2,100. దానికి అంతకుముందు 20 మీటర్లు ఆర్‌జీ-58 ఉండె, 435ల పంపిన దాంట్ల పావు వంతు కూడా పైకి ఎక్కట్లేదు, మిగిలిందంత కేబుల్ తాగుతుంది. ఎల్ఎంఆర్-400 లాంటి లావు కేబుల్ 12 మీటర్లు ఏసిన, 2,280. రేడియోను కిటికీ దగ్గరికి జరిపి కేబుల్ తక్కువ చేసుకున్న, కేబుల్ కొనుడు కన్న రేడియో జరుపుడు సస్తా.

కొలిస్తే 7.1 కాడ మైనస్ 20 పోయి మైనస్ 33 వచ్చింది. వట్టిగ దిక్కు మార్చినందుకు 13 డీబీ.

జనవరి 14, సంక్రాంతి. నేను ముందే తీగలు దించుకోవాల్సింది. గల్లీ పోరగాళ్ల గాలిపటాలు పొద్దుగాల నుంచే. పదకొండింటి వరకు 20 తీగకు మూడు పటాలు, మాంజా బొచ్చెడు. ఒక పిల్లగాడు కింద నుంచి "అంకుల్ మా పతంగి" అని గుంజుతుండు, నేను పైన "ఆగురా" అని మొత్తుకుంటున్న, తాడు తెగింది. తీగ తెగలే. మాపటికి మళ్ల కట్టిన. పతంగులు ఇచ్చేసిన.

అదే వారంల పక్కింటి సారు వచ్చిండు. రిటైర్డ్ టీచర్, నేనంటే మంచిగనే ఉంటడు. "ఏం తమ్మీ, మా సీసీ కెమెరాల పొద్దున పూట గీతలొస్తున్నయి, నువ్వు పెట్టినయి సెల్ టవర్లా ఏందవి? రేడియేషన్ గీడియేషన్ వస్తదంటున్నరు" అన్నడు. కూసోబెట్టి చాయ్ ఇచ్చి లైసెన్స్ కాగితం చూపిచ్చిన, కేంద్రం ఇచ్చింది సార్ పరీక్ష రాసినంకనే ఇస్తరు అని, బ్యాండ్లు చూపిచ్చిన, 50 వాట్లు అంటే ఇంట్ల పాత బల్బు అంత అని చెప్పిన. ఆయన కెమెరా తీగ నా 40 కొస కిందికెళ్లే పోతుంది, ఎనిమిది అడుగుల దూరంల. క్లిప్పు ఫెర్రైట్లు రెండు ఆయన కెమెరా బాక్స్ కాడ నేనే పెట్టిచ్చిన, మా తీగ కొసను నాలుగడుగులు జరిపిన. గీతలు పోయినయి. రెండు రోజులాగి ఆయనే వచ్చి "దాంట్ల పాత పాటలు వస్తయా" అని అడిగిండు.

ఫిబ్రవరి అంతా ఎర్త్ మీద పోయింది. ముందు జాగల ఆరడుగుల గుంత, బొగ్గు, ఉప్పు, రాగి కడ్డీ, కూలీతోని కలిపి 3,400. నాలుగు కేబుళ్లు ఇంట్లకు వచ్చే కిటికీ కాడ ఒక అల్యూమినియం పట్టీ పెట్టి నాలుగింటి అల్లికలు దానికే కలిపి, అక్కడి నుంచి లావు తీగ ఎర్త్‌కు. అంతకుముందు ఒక్కో కేబుల్ ఒక్కో దిక్కుకెళ్లి వచ్చేది. గిది చేసినంక బిడ్డ బొమ్మల మీద మిగిలిన సన్న గీతలు కూడా పోయినయి, ఎందుకో నేను పూర్తిగ చెప్పలేను గని పోయినయి.

మార్చిల ఒక వింత. 40 మీటర్ల డైపోల్ 21 మెగాహెర్ట్జ్ మీద కూడా పని చేస్తది, మూడింతలు గదా. మంచిగ 1.6 ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్ ఒకనాడు 2.8. మరునాడు మళ్ల 1.6. ఇంకోనాడు మళ్ల 2.8. కనెక్టర్లు విప్పి చూసిన, నీళ్లు పోయినయా అని చోక్ డబ్బా తెరిచిన, నాలుగు రోజులు పరేషాన్. చివరికి దొరికింది, మా ఇంటామె కొత్తగ కట్టిన దండెం! స్టీల్ తీగ, 22 అడుగులు, అంటే 6.7 మీటర్లు, 21 మెగాహెర్ట్జ్‌కు సరిగ్గ సగం అల. నా 40 తీగ కిందికెళ్లే, దానికి సమాంతరంగ. ఒక కొస కొక్కేనికి తగిలిస్తే ఉంటది, బట్టలు ఆరినంక ఆమె విప్పి చుట్ట చుట్టి పెడుతది. బట్టలున్న రోజు 2.8, లేని రోజు 1.6. నైలాన్ తాడు తెచ్చి కట్టిన. "నీ రేడియోకు నా దండెం ఏం అడ్డమొచ్చింది" అని ఆమె, దానికి నా దగ్గర ఆమెకు నచ్చే జవాబు లేదు.

ఉగాది ముందు స్టబ్‌లు చేసిన, అంటే అక్కర లేని బ్యాండ్‌ను మింగే కేబుల్ ముక్కలు. ఈ మొత్తం కథల నాకు ఎక్కువ మజా వచ్చింది ఇదే. ఆర్‌జీ-58 కేబుల్ 7.02 మీటర్ల ముక్కలు రెండు. 7.05ల పావు అల 10.63 మీటర్లు, కేబుల్ల అల 0.66 వంతే నడుస్తది కాబట్టి 7.02. రెండు ముక్కలు ఒకే పొడుగు. ఒకదాని కొస షార్ట్ చేసి 40 రేడియో వెనకాల టీ కనెక్టర్‌కు పెట్టాలె, అది 7ను ముట్టుకోదు, 14ను మింగేస్తది, అంటే నా రెట్టింపు సప్పుడు బయటికే పోదు. రెండోదాని కొస తెరిచి ఉంచి 20 రేడియోకు పెట్టాలె, అది 14ను ముట్టుకోదు, 7ను మింగుతది. ఒకే ముక్క, కొస మూస్తే ఒక గుణం, తెరిస్తే ఇంకో గుణం. కొలిస్తే షార్ట్‌ది 14 కాడ 21 డీబీ, తెరిచింది 7 కాడ 24 డీబీ. కొత్తగ చేసేటోళ్లకు ఒక ఉపాయం, షార్ట్ చేసేదాన్ని కోసి సోల్డర్ చేసి మళ్ల కోసి చావొద్దు, గుండుసూది కేబుల్ల అడ్డంగ గుచ్చితే అల్లికకు లోపలి తీగకు కలుస్తది, మీటర్ చూసుకుంట గుచ్చుకుంట పోయి సరైన కాడ కోసుడే. 21 మీద మాత్రం ఈ షార్ట్ స్టబ్ పనికిరాదు, దాన్ని కూడా వదిలేస్తది.

ఆ సాయంత్రం 40ల మాట్లాడుకుంట 20 స్క్రీన్ చూసిన. నేను మైక్ నొక్కినప్పుడు గూడ జపాన్, ఇటలీ లైన్లు ఆగకుండ వస్తున్నయి. ఊకె నొక్కి నొక్కి చూసిన, అవతల కరీంనగర్ పెద్దాయన "ఏమైంది నీకు, ముక్కలు ముక్కలు మాట్లాడుతున్నవ్" అనే దాక.

ఏప్రిల్ల ఒక మాపటికి దబ్బున గాలి, ఉరుములు, వడగండ్లు. నేను డ్యూటీ నుంచి ఇంకా రాలే, ఫోన్ చేస్తే బిడ్డ అప్పటికే నాలుగు కేబుళ్లు విప్పి కిటికీ బయటికి పారేసిందట. నిలువు యాంటెన్నా వంగింది, విరగలే. ఇప్పుడు అదే అలవాటు, మబ్బు పడితే ముందు కేబుళ్లు, తర్వాత బట్టలు.

మే నెలల కోతులు. వరంగల్, హనుమకొండల ఉండేటోళ్లకు నేను చెప్పేదేముంది. ఒక గుంపు, పదిహేను దాక ఉంటయి, ట్యాంకు మూత తీసి నీళ్లు తాగి, 40 తీగ మీద ఉయ్యాల ఊగి, వీ యాంటెన్నా కడ్డీ ఒకటి పీకి పక్కింటి సారు స్లాబ్ మీద పారేసినయి. తీగకు ఇసుక బకెట్ ఉండబట్టి తెగలే, కోతి ఎక్కితే బకెట్ లేచింది, దిగితే దిగింది. కడ్డీ ఇప్పుడు లావుది పెట్టినం, పీవీసీ టీల అరాల్డైట్ పోసి. మళ్ల వస్తే ఏమైతదో చూడాలె.

జూన్ మొదటి వారం వరకు మొత్తం కుదిరింది అనుకునేసరికి నోవా-15 తోటిదే నోవా-18ను అమెరికోళ్లు బంద్ చేసిండ్రు, ఆగస్టుల నోవా-15, 19 కూడా. ఏడు నెలలు కష్టపడి సప్పుడు ఆపితే పంపేటోడే ఆగిపోయిండు. బిడ్డ రెండు రోజులు మూతి ముడుచుకున్నది, తర్వాత అదే వీ యాంటెన్నా, అదే ఫిల్టర్‌తోని రష్యా వాళ్ల మెటియార్ ఉపగ్రహం పట్టింది, అది డిజిటల్, బొమ్మ ఇంకా సాఫ్ వస్తది.

ఖర్చు మొత్తం చూస్కుంటే కాలిన నానోవీఎన్‌ఏతో కలిపి 40 వేలకు దగ్గర. రేడియోలు దాంట్ల లేవు. మళ్ల మొదటి నుంచి చేస్తే ముందు చోక్‌లు, ఎర్త్ చేసి, కాగితం మీద మూల నుంచి మూలకు గీసుకొని, ఆ తర్వాతనే పైపు లేపేటోన్ని, ఒక పదివేలు, నాలుగు నెలలు మిగిలేవి.

145 సంగతి మాత్రం ఇప్పటికీ కుదరలే. 137కు 145 మరీ పక్కిల్లు, నావి 25 వాట్లు, ఉన్నది 12 మీటర్ల దూరం, నాది నిలువు, బిడ్డది అడ్డం, అయినా ఫిల్టర్‌తోని ఆగట్లేదు. దానికి మేము చేసుకున్న ఏర్పాటేందంటే ఫ్రిజ్ మీద చీటీ. ఉపగ్రహం వచ్చే టైం, పోయే టైం బిడ్డ రాసి పెడుతది, ఆ పావుగంట నేను 145 ముట్టొద్దు. నిన్న చీటీల 7:12 నుంచి 7:25 అని ఉండె. కాజీపేట దోస్తు పిలిస్తే గడియారం చూడకుండ మైక్ పట్టిన, 7:20 అయిందట. లోపల నుంచి కేక రాకముందే బాపు కుర్చీల నుంచి "ఆపురా, పిల్ల బొమ్మ కరాబైతది" అన్నడు.